పట్టికకెక్కని జాము

కంప్యూటరుకు కాలమంటే ఒక అంకె. యూనిక్స్ సంప్రదాయంలో ఆ అంకె 1970 జనవరి 1వ తేదీ గ్రీనిచ్ అర్ధరాత్రి నుండి గడచిన సెకన్ల సంఖ్య. దానికి వారం తెలియదు, నెల తెలియదు, ఉగాది అసలే తెలియదు. మన కంటికి తెరమీద కనిపించే మంగళవారాలు, ఆగస్టులు, ఉదయాలు అన్నీ ఆ అంకెకు ఆఖరి క్షణంలో తొడిగే చొక్కాలు. ఆ చొక్కాలను ఎవరు కుట్టారు, ఎవరి కొలతలు తీసుకొని కుట్టారు, తెలుగు ఒంటికి అవి ఎక్కడ బిగుతు, ఎక్కడ వదులు అన్నది నేను కొంతకాలంగా ఆరా తీస్తున్న విషయం. ఇది సాంకేతిక వ్యాసం కాదు, చరిత్రే. కాబట్టి కంప్యూటర్లంటే గిట్టని పాఠకులు కూడా భయపడకుండా ముందుకు రావచ్చు.

మొదట్లో ఉన్నది ఒకటే చొక్కా. యూనిక్స్‌లో తేదీని చూపడానికి వాడే ప్రమేయం ఎప్పుడూ 26 స్థానాల ఒకే మూసలో జవాబిచ్చేది: వారానికి మూడు ఇంగ్లీషు అక్షరాలు, నెలకు మూడు, ఆపైన తేదీ, గంటలు, సంవత్సరం. మూడక్షరాలకు కత్తిరిస్తే ఇంగ్లీషు వారాలు ఏ గాయమూ లేకుండా బయటపడతాయి. అదే కత్తెరను తెలుగు మీద పెడితే ఏమవుతుందో సరదాకు చూడండి. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తు కూడా ఒక స్థానమే గనుక ఆదివారం 'ఆది' అవుతుంది, సోమవారం 'సోమ' అవుతుంది, అదృష్టవశాత్తు సరిపోయాయి. గురువారం 'గుర' దగ్గర ఆగి గురక పెట్టబోతుంది. శుక్రవారం 'శుక' అయి చిలకగా మారి ఎగిరిపోతుంది. ఏప్రిల్ 'ఏప్' అంటూ పొల్లు మీద నిలబడిపోతుంది. ఇంగ్లీషు మాట పొడవును మనసులో పెట్టుకొని రాసిన నియమం పరాయి లిపిలో ఇలాగే ఉంటుంది.

1989లో వెలువడిన ఆన్సీ సి ప్రమాణం ఈ ఒంటిచొక్కా పద్ధతికి స్వస్తి చెప్పింది. నెల పేరును ప్రోగ్రాములో రాసిపెట్టనక్కరలేదు. 'ఈ నెల పూర్తి పేరు ఇవ్వు' అని అడిగితే, భాషనుబట్టి ఒక పట్టిక ఆ పేరును అందిస్తుంది. ఆ పట్టికనే లొకేల్ అంటారు. అందులో కాలానికి సంబంధించిన వరుసలు ఏమేమి ఉండాలో పోసిక్స్ ప్రమాణం నిర్ణయించింది. వారాల పూర్తి పేర్లు ఏడు, పొట్టి పేర్లు ఏడు. నెలలవి పన్నెండు, మరో పన్నెండు. మధ్యాహ్నానికి ముందు ఒక మాట, తరువాత ఒక మాట. తేదీని, వేళను పేర్చే క్రమం. వీటికి తోడు శకాలకొక వరుస, మామూలు అంకెలకు బదులు వేరే అంకెలు వాడుకోవడానికొక వరుస. శకాల వరుస ఎవరి కోసమంటారా? జపానులో చక్రవర్తి మారితే శకం మారుతుంది, ప్రభుత్వ కాగితాల మీద ఆ శకసంవత్సరమే రాస్తారు. ఆ అవసరాన్ని నొక్కి చెప్పగలిగినవారు ప్రమాణాలు రాసే బల్ల దగ్గర ఉన్నారు, వరుస వచ్చింది. మనవైపు నుండి అప్పట్లో ఎవరూ లేరు.

మనకు దొరికినవి మిగిలిన గడులు. గ్నూ సి లైబ్రరీతో వచ్చిన తెలుగు పట్టికలో మధ్యాహ్నానికి ముందూ వెనుకల గడులను పూర్వాహ్న, అపరాహ్న శబ్దాలతో నింపారు. మాటలు శుద్ధమైనవే, తప్పు పట్టడానికి లేదు. కాని 'పూర్వాహ్నం పది గంటలకు మా ఇంటికి రండి' అని ఒకరిని ఒకరు పిలవగా నేను ఎన్నడూ వినలేదు. గడి రెండే ఉన్నప్పుడు అనువాదకుడు మాత్రం ఏం చేస్తాడు?

ఈ పట్టికల వ్యవహారం కంప్యూటరుతో పుట్టినదనుకుంటే పొరపాటు. తెలుగునాట కాలం ఎప్పుడూ పట్టికల మీదనే నడిచింది. పట్టిక రాసినవాడు వదిలేసినది జనం చేతిలోంచి జారిపోతూనే వచ్చింది. మన అరవై సంవత్సరాల చక్రాన్నే తీసుకోండి. ప్రభవ, విభవ అంటూ సాగే పేర్లలో 'యువ' అంటే 1935-36 కావచ్చు, 1995-96 కావచ్చు. తాతకూ మనవడికీ ఒకే పేరు పెట్టినట్టు. 2000వ సంవత్సరం వచ్చినప్పుడు రెండంకెల ఏడాదులతో లోకమంతా హడలిపోయింది గాని, ఆ చిక్కు మనవాళ్ళకు తరతరాలుగా అలవాటైనదే. అందుకే శాసనాలు చెక్కించినవారు తరచుగా శకవర్షపు సంఖ్యను, సంవత్సర నామాన్ని, మాసతిథివారాలను కలిపి చెప్పేవారు. ఒకటి చెరిగిపోయినా, తప్పు పడినా రెండవది సాక్ష్యం పలుకుతుంది. స్థానిక చరిత్రలు చెప్పే కైఫీయతుల్లో వట్టి సంవత్సర నామం మాత్రమే కనిపించినప్పుడు చదివేవాడు చరిత్రలో ఏ మలుపు దగ్గర నిలబడాలో తెలియక తికమక పడతాడు. పైగా చేతిరాతలో క్రోధికీ క్రోధనకూ, విరోధికీ విరోధికృత్తుకూ ఎంత దూరం?

కుంఫిణీ దొరలకు ఇది శిస్తుల సమస్య, దావాల సమస్య. దస్తావేజు ఏ ఏటిదో తేలకపోతే తీర్పు చెప్పలేరు. జాన్ వారెన్ 1825లో మద్రాసులో 'కాలసంకలిత' అనే ఉద్గ్రంథాన్ని వెలువరించి, దక్షిణాది జనం కాలాన్ని లెక్కించే తీరులన్నిటినీ వివరించాడు. పుదుచ్చేరి ప్రాంతపు ఒక తమిళ పంచాంగకర్త నేలమీద గవ్వలు పరచుకొని, కంఠస్థం చేసిన వాక్యాలే పట్టికగా గ్రహణాన్ని గణించడం ఆయన చూసి రాశాడు. కాగితం లేని లొకేల్ అన్నమాట! ఆ తరువాత మన సి. పి. బ్రౌన్. వేమనను వెలికితీసినవాడిగా, నిఘంటుకర్తగా ఆయనను తలచుకుంటాం గాని, తెలుగు కన్నడ దేశాల చరిత్ర కోసం హిందూ మహమ్మదీయ సంవత్సరాల చక్రపట్టికలను 1850లో అచ్చు వేయించినవాడూ ఆయనే. అదే విషయం మీద 1863లో మరో పుస్తకం కూడా రాశాడు. యువ నామ సంవత్సరాన్ని క్రీస్తుశకానికి మార్చే పని ఈనాడు ప్రోగ్రాము చేస్తుంది. బ్రౌను పట్టిక చేసిన పనీ అదే, వేలితో వెతుక్కోవాలి, అంతే తేడా.

ఫసలీ సంగతి మరీ విచిత్రం. అక్బరు కాలంలో పంటల లెక్కకు పుట్టిన ఈ సంవత్సరాన్ని క్రీస్తుశకంలోంచి 590 తీసివేస్తే దొరుకుతుందని మన కరణాలు నోటిలెక్క చెప్పేవారు. మద్రాసు రాజధానిలో జులై 1న ఫసలీ మారేది. నిజాం రాజ్యంలో అక్టోబరు మొదటి వారంలో మారేది, నెలలకు ఆజూరు, దై, బహ్మన్ అంటూ పారశీక నామాలు ఉండేవి. అంకె ఒకటే, పేరు ఒకటే, హద్దులు వేరు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు మీద సైనికచర్య జరిగిన నాటికి అక్కడ ఇంకా 1357 ఫసలీయే నడుస్తోంది. కృష్ణకు ఇవతల మద్రాసు జిల్లాలలో అప్పటికే 1358 మొదలైపోయింది. 1949 ఆగస్టు 15న వెలువడిన జాగీర్ల రద్దు శాసనాన్ని 1358 ఫసలీ నాటిదిగా పేర్కొంటారు. అదే రోజు బెజవాడ కరణం దస్త్రంలో ఉండవలసినది 1359. పాత పహాణీలను కంప్యూటరుకెక్కించేటప్పుడు 590 కలిపి ఊరుకునే ప్రోగ్రాము ఈ మూడు నెలల తేడాను మింగేస్తుంది. భూమి తగాదాలో మూడు నెలలంటే ఒక పంట. ఆ పంట ఎవరు కోశారన్నదే ఒక్కోసారి వ్యాజ్యానికి ప్రాణం.

తేదీల సంగతి అలా ఉంచి గడియారం దగ్గరకు వద్దాం. మద్రాసు వేధశాల 1792 నాటిది. రైళ్ళు, తంతి వచ్చాక ఊరికొక సూర్యుడు పనికిరాలేదు, 1870 నుండి మద్రాసు కాలమే వాటికి ఆధారమైంది. గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాల 10 సెకన్ల ముందు నడిచే కాలం అది. 1906 జనవరి 1 నుండి అయిదున్నర గంటల ప్రామాణిక కాలం వచ్చింది. దానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మన కాకినాడకూ తునికీ నడుమ నుండే పోతుంది. ఈ చరిత్రంతా ఇప్పుడు ప్రతి సెల్‌ఫోనులోనూ ఉంది. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే అమెరికన్ 1980ల నడుమ ప్రారంభించిన కాలమండలాల పట్టికలో భారతదేశానికి ఉన్న పేరు కోల్‌కతాది. లోపల 1870 నుండి 1906 దాకా నడిచే నిమిషాలు మాత్రం మద్రాసువి. పేరు ఒకరిది, గుండె మరొకరిది!

ఆ పట్టికలోనే మరో వరుస ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో మన దేశపు గడియారాలను ఒక గంట ముందుకు తిప్పారు. మొదటిసారి 1941 అక్టోబరు నుండి 1942 మే దాకా, రెండవసారి 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు నడిమి దాకా. ఇది ఎవరికి పట్టింది అంటారా? మా పెద్దమామయ్య 1943లో పుట్టారు. ఆయన జాతకచక్రం అడుగున 'యుద్ధపు గంట తీసివేయబడినది' అని సిద్ధాంతిగారు సన్నని అక్షరాలతో రాసిపెట్టారు. లగ్నం సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది గనుక ఒక గంట తేడా అంటే సగం జాతకం. జాతకాలు నిజమా కాదా అన్నది వేరే చర్చ. ఆ సిద్ధాంతిగారు మాత్రం పల్లెటూరిలో కూర్చొని కాలమండలాల పట్టికకు నలభై ఏళ్ళ ముందే దానిలోని ఒక వరుసను రాసుకున్నారు. (అన్నట్టు, 2011లో ఈ కాలమండలాల పట్టిక మీద అమెరికాలో దావా వేసినది కూడా జ్యోతిషం ప్రోగ్రాములు అమ్మే సంస్థే. పాత గడియారాల చరిత్ర తమదని వారి వాదం. కొద్ది నెలలకే దావా వెనక్కి తీసుకున్నారు.)

స్వతంత్రం వచ్చాక పట్టిక మనమే రాసుకొనే అవకాశం వచ్చింది. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం ఏర్పడింది. దేశంలో దాదాపు ముప్ఫై రకాల పంచాంగాలు చెలామణిలో ఉన్నాయని తేల్చుకొని, 1955లో నివేదిక ఇచ్చింది. 1957 మార్చి 22వ తేదీని 1879 శకం చైత్రం 1గా ఎంచి జాతీయ పంచాంగాన్ని అమలులోకి తెచ్చారు. సాహా భౌతికశాస్త్రవేత్త, ఆయనకు చంద్రుడి అల్లరి నచ్చలేదు. తిథి అంటే సూర్యచంద్రుల నడుమ దూరం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం. అది ఒకసారి 19 గంటలకే ముగుస్తుంది, ఒకసారి 26 గంటలు సాగుతుంది. సూర్యోదయవేళకు ఉన్న తిథే ఆ రోజు తిథి గనుక ఊరు మారితే తిథి మారవచ్చు; మన అమెరికా బంధువులు తమ ఊళ్ళకు విడిగా గణించిన పంచాంగాలు చూసుకొని పండుగలు చేసుకోవడం అందుకే. సాహా ఈ గొడవ లేకుండా సూర్యుడిని మాత్రమే నమ్ముకొని, 30, 31 రోజుల నెలలు కట్టి, వాటికి చైత్ర వైశాఖాల పేర్లే ఉంచాడు.

చిక్కు అక్కడే వచ్చింది. కంప్యూటరు పట్టికలలో చాలాకాలం 'భారతీయ పంచాంగం' అన్న గడిలో ఉన్నది సాహాగారి పంచాంగమే. దానికి తెలుగులో నెలల పేర్లు చైత్రం, వైశాఖం అని చక్కగా ఉన్నాయి. దానిని తెరిచిన తెలుగువాడు 2025 మార్చి 22న చైత్రం 1 అని చూస్తాడు. ఆ సంవత్సరం ఉగాది మార్చి 30న వచ్చింది. ఎనిమిది రోజుల పాటు యంత్రం చైత్రం అంటుంది, ఇంట్లో గోడమీద పంచాంగం ఫాల్గుణ బహుళం అంటుంది. 2024లోనైతే ఈ ఎడం మార్చి 21 నుండి ఏప్రిల్ 9 దాకా సాగింది. అనువాదం అక్షరం పొల్లుపోకుండా సరైనదే, చూపే రోజు మాత్రం మనది కాదు. కొత్త నెలలకు కొత్త పేర్లు పెట్టి ఉంటే సాహా పంచాంగం ఇంతకన్న సుఖంగా బతికేదని నా అభిప్రాయం. తిథుల గణితం కంప్యూటరుకు చేతకాదనుకోకండి: రైన్‌గోల్డ్, దెర్షోవిట్స్ అనే ఇద్దరు ఆచార్యులు 1997లో అచ్చువేసిన కాలగణన గ్రంథంలో హిందూ చాంద్రమానానికి పూర్తి ప్రోగ్రాములు ఇచ్చారు.

ఇప్పుడు అసలు పట్టికకు వస్తాను. 2000 తరువాత ఒక్కొక్క సంస్థా ఒక్కొక్క తెలుగు పట్టిక రాసుకోవడం దండగని గ్రహించి, అందరికీ ఉమ్మడిగా ఒకటి కట్టడం మొదలుపెట్టారు. 2004లో అది యూనికోడ్ కన్సార్టియం చేతికి వచ్చింది. కామన్ లొకేల్ డేటా రిపాజిటరీ అని దాని పేరు, మనం ఉమ్మడి పట్టిక అందాం. ఆండ్రాయిడ్, ఐఫోన్, క్రోమ్ అన్నీ దీనినుండే తేదీలు తెచ్చుకుంటాయి. అంటే మీ ఫోను తెలుగులో పలికే ప్రతి తేదీ వెనుక ఎవరో నింపిన ఒక గడి ఉన్నది.

ఇందులో మెచ్చుకోవలసినవి ఉన్నాయి. ఇంగ్లీషుకు ఎస్టర్‌డే దాటితే మాట లేదు. అయినా పట్టికలో రెండు రోజుల వెనుకకూ, రెండు రోజుల ముందుకూ గడులు పెట్టారు. తెలుగు వాటిని 'మొన్న', 'ఎల్లుండి' అని హాయిగా నింపుకుంది. (హిందీవారు నిన్నకూ రేపుకూ రెండింటికీ 'కల్' అనే రాసుకున్నారు, పాపం!) ప్రయోగంలో మారే నెలల పేర్లకు రెండు రూపాలు ఇచ్చుకొనే వీలు కూడా ఉంది. పోలిష్, రష్యన్ వంటి భాషలలో నెల ఒంటరిగా ఉంటే ఒక రూపం, తేదీ పక్కన ఉంటే షష్ఠీరూపం.

మన చిక్కు అది కాదు. మనకు విభక్తి తోకలో ఉంటుంది. ఉమ్మడి పట్టికలో మార్చి, ఆగస్టు అజంతాలుగా ఉన్నాయి. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్ హలంతాలుగా ఉన్నాయి. ప్రోగ్రాము వాటికి 'లో' తగిలిస్తుంది. ఆగస్టులో, మార్చిలో బాగానే ఉన్నాయి. సెప్టెంబర్ పొల్లు మాత్రం 'లో'ను పట్టుకొని 'సెప్టెంబర్లో' అని ఒత్తుగా ముద్దకడుతుంది. విడదీయాలంటే నడుమ కంటికి కనబడని ఒక విభాజకాన్ని ఇరికించాలి. ఆ సంగతి ప్రోగ్రాము రాసేవాడికి తెలియాలి. మన పెద్దలు సెప్టెంబరు, అక్టోబరు, ఏప్రిలు అని రాసింది చాదస్తం కాదు, ఆ ఉకారం తరువాత వచ్చే ప్రత్యయానికి వేసిన పీట. అలాగే 'రెండు రోజులు' అనే మాటకు 'క్రితం' అతికిస్తే 'రెండు రోజులు క్రితం' అవుతుంది. 'రోజుల క్రితం' అనాలని ఏ తెలుగు పిల్లవాడికైనా తెలుసు. ఉమ్మడి పట్టిక దీనిని మొత్తం పదబంధంగా రాసి సరిచేసింది, అయినా ముక్కలు అతికించే ప్రోగ్రాములు నేటికీ తెర మీద ఆ తప్పునే పలుకుతుంటాయి.

వీటన్నిటినీ నవ్వుకొని వదిలేయవచ్చు. వదిలేయలేనిది ఒకటుంది.

రోజును భాగాలుగా చెప్పడానికి ఉమ్మడి పట్టికలో వేరే గడులు ఉన్నాయి. ఏఎం, పీఎం అనకుండా 'ఉదయం 10 గంటలు' అనిపించడానికి అవి. నేను చూసిన సంచికలలో తెలుగుకు అర్ధరాత్రి అనే బిందువును మినహాయిస్తే నాలుగే భాగాలు: 6 నుండి 12 దాకా ఉదయం, 12 నుండి 18 దాకా మధ్యాహ్నం, 18 నుండి 21 దాకా సాయంత్రం, 21 నుండి మళ్ళీ 6 దాకా రాత్రి. అంటే సాయంత్రం అయిదున్నర ఈ లెక్కన 'మధ్యాహ్నం 5:30'. బడి వదిలాక మధ్యాహ్నం అయిదున్నరకు ఆటలాడుకున్న పిల్లలు తెలుగుదేశంలో ఎక్కడైనా ఉన్నారా? దానినైనా భరించవచ్చు. కాని ఉదయం నాలుగు గంటలు 'రాత్రి 4:00' అవుతుంది. తెల్లవారుజాముకు గడే లేదు.

ఇది మాటల సొగసు గురించిన బెంగ కాదు. తెలుగులో రాత్రి తన ముందున్న పగటిది. తెల్లవారుజాము తన తరువాతి పగటిది. 'గురువారం రాత్రి రెండింటికి' అంటే గురువారం సూర్యుడు అస్తమించాక వచ్చే రాత్రి. 'గురువారం తెల్లవారుజామున' అంటే గురువారపు సూర్యుడు ఉదయించే ముందు. మన పత్రికలు 'బుధవారం అర్ధరాత్రి దాటాక' అని, 'గురువారం తెల్లవారుజామున' అని జాగ్రత్తగా రాయడం ఇందుకే. ఆ ఒక్క మాట తేదీని ఇటునుండి అటు తిప్పే తిరగలి పిడి వంటిది. అర్ధరాత్రికే రోజు మారుతుందన్న యంత్రం లెక్కను, సూర్యోదయానికి మారుతుందన్న మన లెక్కను కలిపే వంతెన అదే. దానిని తీసేసి 'గురువారం రాత్రి 3:10' అని రాస్తే యంత్రం ఉద్దేశించినది ఒక రోజు, తెలుగువాడు చదివేది మరునాడు.

రెండు మూడేళ్ళ క్రితం మా పెద్దమ్మకు హైదరాబాదులో శుక్రవారం పగలు పదకొండింటికి ఆపరేషను. మా పిన్ని, బాబాయి ఊరినుండి బయలుదేరాలి. పిన్నికి ఫోను తెలుగులోనే అలవాటు. ఒక ప్రయాణ సంస్థ తెరమీద 'గురువారం రాత్రి 3:10' అని కనిపించిన బస్సుకు టికెట్టు తీసుకుంది. గురువారం భోజనాలు ముగించుకొని, పెట్టె సర్దుకొని, ఆ రాత్రి రెండున్నరకు వెళ్ళి రోడ్డు పక్కన నిలుచున్నారు. ఆ బస్సు ముందటి రాత్రే వెళ్ళిపోయింది. దొరికిన బండి పట్టుకొని వాళ్ళు ఆసుపత్రి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. పెద్దమ్మ క్షేమంగా బయటపడింది గాని, లోపలికి తీసుకువెళ్ళేదాకా 'చిన్నది వచ్చిందా' అని అడుగుతూనే ఉందట. పిన్ని ఈనాటికీ తప్పు తనదేనంటుంది. ఆ తెరను ఎన్నిసార్లు చదివినా తెలుగు తెలిసినవారెవరికీ మరో అర్థం రాదని నేను ఎంత చెప్పినా వినదు.

పట్టికకు ఈ గడి పట్టదా అంటే, పట్టకేం? మన పక్కనే తమిళులు 3 నుండి 5 దాకా 'అదికాలై' అని రాసుకొని, రోజును మొత్తం ఏడు ముక్కలు చేసుకున్నారు. మలయాళంలో 3 నుండి 6 దాకా 'పులర్చ్చె' ఉంది. మరాఠీవారు 4 నుండి 6 దాకా 'పహాట్' పెట్టుకున్నారు. అదే పట్టిక, అవే నియమాలు. అడిగినవారికి గడులు దొరికాయి. పేర్ల మీద నిర్ణీత కాలాల్లో సర్వే జరుగుతుంది, భాష తెలిసినవారు ఓటు వేయవచ్చు. సభ్యసంస్థల ప్రతినిధుల ఓటుకు బరువు ఎక్కువ, అతిథుల ఓటుకు తక్కువ. గంటల హద్దులు మార్చాలంటే విడిగా అర్జీ పెట్టుకోవాలి. జపాను వారి శకాల కాలంతో పోలిస్తే ద్వారం ఎంతో విశాలంగానే ఉంది. మన తరఫున వెళ్ళేవారు తక్కువ, వెళ్ళినవారికి కూడా నెలల పేర్లలో గుడులు, సుడులు దిద్దడంతోనే సరిపోతోంది.

హద్దుల కోసం పరిశోధనలు కూడా అక్కరలేదు. అహోరాత్రానికి అరవై ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు, ఏడున్నర ఘడియలు ఒక జాము, అంటే మూడు గంటలు. రాత్రికి నాలుగు జాములు. సుమారు ఆరింటికి తెల్లవారుతుందనుకుంటే దాని ముందరి జాము 3 నుండి 6 దాకా. ఇన్ని తరాలుగా మనం పలుకుతున్న మాటలోనే కొలత దాగి ఉంది.

అర్జీ రాద్దామని తెలిసినవారిని కొందరిని కూర్చోబెట్టి మిగతా హద్దులు అడిగాను. సాయంత్రం నాలుగింటికి మొదలవుతుందన్నారు కొందరు, ఎండ తగ్గేదాకా మధ్యాహ్నమేనన్నారు కొందరు. వరంగల్లు మిత్రుడు ఉదయాన్ని 'పొద్దుగాల' అని రాయకపోతే సంతకం పెట్టనని నవ్వుతూనే బెదిరించాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. ఏడు గంటలు సాయంత్రమా, రాత్రా అన్న దగ్గర సభ రెండుగా చీలింది, ఇంకా తేలలేదు. 3 నుండి 6 దాకా ఏమని రాయాలన్నప్పుడు మాత్రం ఎవరూ ఆలోచించనుకూడా లేదు.